మూడో ఫొటోలో కోపం లేదు

వార్తలావిడ ప్రాణానికి భయం లేదని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి మధ్యాహ్నం రెండుంబావు అయింది. విరుగుడు మందు పనిచేస్తోందట. ఊపిరి నిలకడగా ఉందట. కనురెప్పలు ఇంకా లేవడం లేదు, మాట రావడానికి వారం పైన పట్టవచ్చు, కానీ మనిషి దక్కింది. ఫోన్ పెట్టేసి డాక్టరమ్మ రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది. పొద్దున్నుంచి బిగబట్టుకున్న ఏడుపు అది. ఎదురుగా కూర్చున్న మేనమామ ఆమెను ఏడవనిచ్చాడు. గండం గడిచాక వచ్చే ఏడుపును ఆపకూడదని ఆయన నమ్మకం.

ఆయన్ని అందరూ నిదానం అంటారు. పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో తోటివాళ్ళు పెట్టిన పేరు. దొంగ గోడ దూకి పారిపోతుంటే మిగతావాళ్ళు వెంటపడేవారట, ఈయన ఆగి గోడ ఎత్తు కొలిచేవాడట. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టి పన్నెండేళ్ళయినా పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. కట్టుకున్న భార్య కూడా కోపం వస్తే అలాగే పిలుస్తుంది.

"ఆవిడ బతికింది. ఇక నిన్ను బతికించాలి. నాలుగింటికి జీపు ఎక్కమన్నాడు కదా ఇన్‌స్పెక్టరు, ఇంకా గంటా నలభై నిమిషాలుంది. మొదటి నుంచి చెప్పు" అన్నాడు నిదానం.

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుని చెప్పింది. వార్తలావిడ ఇరవై ఏళ్ళు టీవీలో వార్తలు చదివిన మనిషి. ఇప్పుడు యాభై ఏడు. చానల్ వార్షికోత్సవానికి ఒక్కసారి మళ్ళీ కెమెరా ముందు కూర్చోమని అడిగారు. అద్దంలో చూసుకుంటే బుగ్గలు జారాయి, కనుబొమ్మల మధ్య గీతలు పడ్డాయి. ఆపరేషన్ అంటే భయం. చెవుల ముందు కోసి, చర్మం లాగి కుడతారని ఎవరో చెప్పగా విని రెండు రాత్రులు నిద్రపోలేదట. ఆ భయంతోనే నెల రోజుల కిందట ఈ క్లినిక్కు వచ్చింది. గుమ్మం మీద బోర్డు కూడా అలాంటివాళ్ళకోసమే పెట్టింది: కోత లేదు, కుట్టు లేదు.

కోత లేకపోతే మరి ఏముంటుందని నిదానం అడిగాడు. జారిన చోట చర్మాన్ని వేడితో బిగించే మెషిన్లు ఉన్నాయనీ, గుంట పడిన చోట నింపే జెల్ ఉందనీ, లోపలి నుంచి లాగి పట్టే సన్నటి దారాలున్నాయనీ ఆమె చెప్పింది. ముడతలు పడే కండరాన్ని కొన్ని నెలలు నిద్రపుచ్చే ఇంజెక్షన్ ఒకటి. ఏదీ పాతికేళ్ళ ముఖం తెచ్చిపెట్టదు, ఏదీ శాశ్వతం కాదు, ఆ మాట ముందే చెబుతుంది. వార్తలావిడకు కనుబొమ్మల మధ్య ఇంజెక్షన్ చాలని నిర్ణయించి నిన్న, మంగళవారం, పదకొండింటికి రమ్మంది.

"వచ్చింది. కానీ నేను వేయలేదు మామయ్యా. సూది వేసే ముందు మా దగ్గర ఫొటోలు తీస్తాం. అవి చూశాను. కోపంగా చూడమంటే ఆవిడ కనుబొమ్మలు కదల్లేదు. అంటే అప్పటికే ఎవరో వేశారన్నమాట. ఈ మందు వేసిన పూట పనిచెయ్యదు, కనీసం రెండు మూడు రోజులు పడుతుంది. ఎక్కడ వేయించుకున్నారని అడిగితే ఎక్కడా లేదంది. ఒట్టు పెట్టింది. కార్డులో ఏమీ రాయొద్దని బతిమాలింది."

"నువ్వూ రాయలేదు."

"రాయలేదు. అదే నా తప్పు. గుటక పడకపోయినా, రెప్పలు వాలినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళమని మాత్రం నాలుగుసార్లు చెప్పాను."

ఆ మాటే వార్తలావిడను కాపాడింది. పొద్దున ఆరింటికి లేచేసరికి కళ్ళు తెరుచుకోలేదు, మంచినీళ్ళు గొంతు దిగలేదు, మాట ముద్దయింది. చెల్లెలు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ముడతల మందే ఒంట్లోకి ఎక్కువగా పాకిందని అక్కడి డాక్టర్లు వెంటనే పట్టుకున్నారు. ఎవరు వేశారన్నదే ప్రశ్న.

ఇన్‌స్పెక్టరు చేతిలో మూడు సాక్ష్యాలున్నాయి. ఒకటి, వార్తలావిడ కార్డు. ఈ క్లినిక్కులో ఏ సీసా మందు ఎవరికి వేస్తే ఆ సీసా మీది స్టిక్కర్ ఒలిచి వాళ్ళ కార్డు మీద అంటిస్తారు. వార్తలావిడ కార్డు మీద స్టిక్కర్ ఉంది. రెండు, డాక్టరమ్మే సూది వేసిందని నర్సు ఇచ్చిన వాంగ్మూలం. మూడు, మంచం మీదున్న వార్తలావిడ కాగితం మీద వంకరటింకరగా రాసిన ఒక్క మాట, 'క్లినిక్‌లోనే'. ఈ మూడింటికి జవాబు ఆ ఫొటోలు. అవి మాత్రం కంప్యూటర్లో లేవు. కెమెరాకు చార్జింగ్ అయిపోయి వార్తలావిడకు అసలు ఫొటోలే తీయలేదని నర్సు అంటోంది.

"చూశానని నువ్వంటున్నావు, తీయలేదని ఆ అమ్మాయి అంటోంది. ఇద్దరిలో ఒకరు అబద్ధం" అన్నాడు నిదానం.

"నేనేనా మామయ్యా?"

"నీకు అబద్ధమాడటం చేతకాదు. చిన్నప్పుడు మా ఇంట్లో గాజు బొమ్మ పగలగొట్టి, అది నవ్వుతూ కిందపడిందన్నావు" అన్నాడాయన లేస్తూ. పొద్దుటి నుంచి మొదటిసారి డాక్టరమ్మ నవ్వింది.

వెయిటింగ్ హాల్లో ఇన్‌స్పెక్టరు సోఫా నిండా కూర్చుని టీ తాగుతున్నాడు. నిదానంతో కలిసి ఉద్యోగంలో చేరినవాడు. ఆయన రాజీనామా చేసి వెళ్ళిపోతే ఈయన మిగిలాడు, వచ్చే నెల రిటైరవుతున్నాడు. పక్కన వార్తలావిడ చెల్లెలు కూర్చుంది. రెండు వీధుల అవతల బ్యూటీ పార్లర్ నడుపుతుంది కాబట్టి ఆ చుట్టుపక్కల ఆవిణ్ణి పార్లరమ్మ అంటారు. ఫిర్యాదు మీద సంతకం చేసింది ఆవిడే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"అక్క గండం గడిచిందట, ఇప్పుడే ఫోన్ వచ్చింది" అని నిదానం చెప్పగానే ఆవిడ ఏడుపు రెట్టింపయింది. దేవుళ్ళందరికీ వరసగా దండాలు పెట్టింది. నిజమైన ఏడుపేనని నిదానానికి అనిపించింది, అందులో అనుమానమే లేదు.

"ఏడు పోట్లండీ. బంగారంలాంటి మా అక్క ముఖం మీద ఏడు పోట్లు పొడిచింది" అంది పార్లరమ్మ, డాక్టరమ్మ గది వైపు చేయి చూపిస్తూ.

నిదానం ఆ మాటను జేబులో వేసుకుని ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. అరగంట పాటు ఇంజెక్షన్ గది చూడనివ్వమని అడిగాడు.

"మేనకోడల్ని కాపాడుకోవడానికి మేనమామగారు దిగారన్నమాట" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మూడు సాక్ష్యాలున్నాయి నా దగ్గర. నీ దగ్గరేముంది, టేపా? కొలుచుకో, గది పొడవూ వెడల్పూ కొలుచుకో. నాలుగయితే ఒక్క నిమిషం ఆగను." గొంతు పెంచబోయాడు గానీ టీ అడ్డం పడి దగ్గు వచ్చింది. ఒకటే దగ్గు. కప్పు పక్కన పెట్టి, నర్సుకు టీ పెట్టడం కూడా రాదని విసుక్కున్నాడు. జలుబు చేసిందో ఏమో మాట ముక్కులోంచి వస్తోంది. రెండు రోజులుగా నిద్ర లేదంటూ బరువుగా వాలిన కళ్ళు నలుపుకున్నాడు.

అంత అరుస్తున్నా మనిషి ముఖం ప్రశాంతంగానే ఉంది. రిటైర్మెంటు దగ్గర పడేసరికి వీడిక్కూడా శాంతం అబ్బిందే అనుకున్నాడు నిదానం. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్న ముఖంలో ఏదో తక్కువైందని అనిపించింది కానీ, ఏమిటో అందలేదు. అంతకంటే పెద్ద పని ఉంది కాబట్టి గదిలోకి నడిచాడు.

ఇంజెక్షన్ గది చిన్నది. ఒక పడక కుర్చీ, పైన గుండ్రటి లైటు, మందుల ఫ్రిజ్, చేతులు కడుక్కునే సింకు. మూలగా ఫొటోల చోటు. గోడకు నీలం గుడ్డ, నేలకు బిగించిన స్టూలు, దానికి మూడడుగుల దూరంలో స్టాండు మీద కెమెరా. ఎవరు కూర్చున్నా అదే దూరం, అదే వెలుతురు ఉండాలని ఏర్పాటు. నర్సు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేదు.

ఎలా తీస్తారో తనకు తీసి చూపించమన్నాడు నిదానం. తనే వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. నర్సు బిత్తరపోయింది గానీ, చేతులకు అలవాటైన పని కాబట్టి అవే కదిలాయి. ఒక ఖాళీ కార్డు ఇచ్చి, గడ్డం కింద పట్టుకోమంది. మొదటి ఫొటోలో పేషెంటుతో పాటు కార్డు కూడా పడాలి, లేకపోతే ఏ ఫొటోలు ఎవరివో తర్వాత తెలియదు.

"ముఖం మామూలుగా పెట్టండి. ఇప్పుడు కార్డు తీసెయ్యండి. కనుబొమ్మలు పైకెత్తండి. కోపంగా చూడండి. నవ్వండి. కళ్ళు గట్టిగా మూసుకోండి. అయిపోయిందండీ."

అయిదు ఫొటోలు. నిదానం లేచి కెమెరా తెరలో తన ముఖం చూసుకున్నాడు. ముడతలు ఉండవలసిన చోటల్లా ఉన్నాయి, అక్కర్లేని చోట కూడా ఉన్నాయి. కోపం ఫొటోలో కనుబొమ్మల మధ్య రెండు గీతలు నిటారుగా నిలబడ్డాయి. అరవై ఏళ్ళ సంపాదన అదే మిగిలిందని తనలో తను నవ్వుకుని, మూలనున్న నంబర్లు చూశాడు. నాలుగువందల పన్నెండు నుంచి పదహారు వరకు. ఆ తర్వాత వెనక్కి తిప్పితే ఇంకేమీ లేవు. కెమెరాలో ఆయన ఫొటోలు అయిదే ఉన్నాయి.

"మెమరీ కార్డు కొత్తదా అమ్మా?"

పాతది పాడైందని నర్సు గొణిగింది. సరేనని నిదానం కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి మంగళవారం ఫొటోలు తెరవమన్నాడు. పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చిన పేషెంటువి అయిదు, నంబర్లు మూడువందల తొంభై ఆరు నుంచి నాలుగువందలు. పదకొండూ నలభైకి వచ్చిన పేషెంటువి అయిదు, నాలుగువందల ఏడు నుంచి పదకొండు. మధ్యలో వార్తలావిడ. ఆవిడవి లేవు.

నిదానం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నర్సుకు కూడా ఒక కుర్చీ చూపించాడు.

"మెమరీ కార్డు మారుస్తే మారుతుంది గానీ, కెమెరా లెక్క మారదమ్మా. అది దాని దారిన అది లెక్కపెట్టుకుంటూ పోతుంది. నాలుగువందల తర్వాత నాలుగువందల ఒకటి రావాలి. ఏడు వచ్చింది. మధ్యలో ఆరు ఫొటోలు ఏమయ్యాయి?"



"మనిషికి అయిదే తీస్తారు. వార్తలావిడకి ఆరు ఎందుకయ్యాయో నేను చెప్పనా? మూడో ఫొటో సరిగ్గా రాలేదు. కోపంగా చూడమంటే ఆవిడ చూడలేదు. నీ మాట అర్థం కాలేదేమోననుకుని మళ్ళీ తీశావు. అవునా?"

నర్సు తల దించుకుంది. ఆయన తొందరపెట్టలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన కబురు చెప్పాడు, మనిషి బతికిందనీ, మాట కూడా వస్తుందనీ. అది వినగానే ఆ అమ్మాయి బొటబొటా కన్నీళ్ళు కార్చి, చేతిసంచిలోంచి చిన్న పర్సు తీసి, అందులోంచి గోరంత మెమరీ కార్డు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. పారేద్దామని రెండుసార్లు బయటికి వెళ్ళిందట, చేతులు రాలేదట.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. సూది వేశాకే స్టిక్కర్ అంటించాలని క్లినిక్కు నియమం. పని త్వరగా తెమలాలని నర్సు సీసా బయటికి తీయగానే ముందే అంటించేసేది. రెండు నెలల కిందట డాక్టరమ్మ పట్టుకుని, ఇంకోసారి చేస్తే ఉద్యోగం ఉండదని చెప్పింది. నిన్న మళ్ళీ అదే చేసింది. డాక్టరమ్మ సూది వద్దన్నాక స్టిక్కర్ ఊడదీయబోతే కార్డు చిరిగేలా ఉంది, అలాగే వదిలేసింది. పొద్దున ఇన్‌స్పెక్టరు వచ్చి కార్డు ఊపుతూ, మందు వేయకుండా స్టిక్కర్ ఎలా వచ్చింది, నువ్వేమైనా సీసాలు మార్చావా, నిన్ను కూడా లోపలెయ్యనా అని గద్దించేసరికి భయపడిపోయింది. డాక్టరమ్మే వేసిందనేసింది. ఒక అబద్ధానికి తోడుగా ఫొటోలు మాయం చెయ్యాల్సి వచ్చింది.

"నన్ను జైల్లో పెడతారా అండీ?"

"మా మేనకోడలు నీకు చివాట్లు పెడుతుంది. నాకు తెలిసి అది జైలు కంటే ఘోరం. లే, ముఖం కడుక్కో. నిజం చెప్పినవాళ్ళకి ఆకలేస్తుంది, ముందు ఏదైనా తిను" అన్నాడు నిదానం.

మూడుంబావుకు ఆయన ఇన్‌స్పెక్టర్నీ, పార్లరమ్మనీ, డాక్టరమ్మనీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. మొదటి ఫొటో తెరిచాడు. వార్తలావిడ గడ్డం కింద కార్డు పట్టుకుని ఉంది. ఫొటో మూల సమయం పదీ యాభై ఎనిమిది.

"కార్డు మీద చూడు. స్టిక్కర్ అప్పటికే ఉంది. సూది వేయకముందే, ఫొటో తీయకముందే అంటించేశారు. కాబట్టి స్టిక్కర్ ఉంది గనక సూది వేశారని నువ్వనలేవు. నీ మొదటి సాక్ష్యం పోయింది. రెండోది నర్సు ఇప్పుడే వెనక్కి తీసుకుంది, రాతపూర్వకంగా ఇస్తుంది."

ఇన్‌స్పెక్టరు తెర దగ్గరికి వంగి ఒక కన్ను మూసి చూశాడు. అక్షరాలు రెండేసిగా కనిపిస్తున్నాయని కళ్ళద్దాలను తిట్టాడు. తర్వాత, స్టిక్కర్ ముందు అంటించి సూది తర్వాత వేసి ఉండొచ్చు కదా అన్నాడు. మాట న్యాయమైనదేనని నిదానం ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే మూడో ఫొటో తెరిచాడు, దాని పక్కనే నాలుగోది కూడా. రెండింటిలోనూ వార్తలావిడ కోపం తెచ్చుకోవడానికి నానా పాట్లు పడుతోంది. పెదవులు బిగిశాయి, గడ్డం ముందుకొచ్చింది. కనుబొమ్మల మధ్య మాత్రం చర్మం అద్దంలా ఉంది.

"మందు పదకొండింటికి వేశారంటున్నావు. పదకొండింటికి వేసిన మందు పదీ యాభై ఎనిమిదికే ఎలా పనిచేసింది?"

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. ఆమె భుజాలు దిగడం మేనమామ చూశాడు. పొద్దున్నుంచి ఆ భుజాలు చెవుల దాకా ఉన్నాయి. ఆయనకు హాయిగా అనిపించింది, ఆ హాయిని దాచుకోలేదు కూడా.

ఇన్‌స్పెక్టరు అంత తేలిగ్గా వదిలే రకం కాదు. "అయితే బాధితురాలు అబద్ధం రాసిందంటావా? చావు అంచున ఉన్న మనిషికి అబద్ధం రాయాల్సిన ఖర్మేమిటి?"

"అదే నేనూ ఆలోచించాను. తనకోసం ఎవరూ అలా రాయరు. ఇంకొకరి కోసం రాస్తారు. కావలసిన మనిషి కోసం." నిదానం పార్లరమ్మ వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "అమ్మా, ఏడు పోట్లన్నారు మీరు. ఈ క్లినిక్కులో కనుబొమ్మల మధ్య అయిదు చోట్లే వేస్తారు, కార్డు మీద బొమ్మ అచ్చేసి ఉంది, అయిదు చుక్కలు. మీ అక్క మాట్లాడలేదు. రాసింది ఒక్క మాట. ముఖం మీద గుర్తు కూడా లేదు. ఏడని మీకెవరు చెప్పారు?"

ఇన్‌స్పెక్టరు ఏదో అనబోతే నిదానం చేత్తో ఆపాడు.

"మీ అక్క బతికింది. మీ పేరు చెప్పకుండా మిమ్మల్ని కాపాడాలని చూసింది. ఇప్పుడు మీరు దాస్తే ఇబ్బంది పడేది ఆవిడ కాదు, అదే సీసాలోంచి వేయించుకున్న మిగతావాళ్ళు. ఒక్క మనిషికోసం సీసా తెరవరు కదా."

పార్లరమ్మ ఒక్కసారిగా భోరుమంది. దాంతో పాటే అంతా చెప్పేసింది. అక్క క్లినిక్కుకు వెళుతుంటే ఆవిడకు చిన్నతనంగా అనిపించింది. సొంత చెల్లెలికి పార్లర్ ఉండగా పరాయి చోట ముఖం చూపించుకోవడమేమిటని. ఫోన్‌లో చూసి ఒక మనిషి దగ్గర ఒక సీసా తెప్పించింది. పేరు లేదు, ముద్ర లేదు, పొడి మాత్రం ఉంది. ఎన్ని నీళ్ళు కలపాలో వీడియో చూసి నేర్చుకుంది. శనివారం మధ్యాహ్నం పార్లర్‌లో కావలసినవాళ్ళను పిలిచి వేసింది. సోమవారానికి అక్క ఎడమ రెప్ప బరువెక్కింది. చెల్లెలి పేరు బయటికి రాకూడదు, రెప్ప మాత్రం బాగవాలి. అందుకే అక్క నిన్న ఏమీ ఎరగనట్టు క్లినిక్కుకు వచ్చింది.

"మీరూ వేయించుకున్నారా?" అని డాక్టరమ్మ ఆత్రంగా అడిగింది.

"నాకు సూదంటే భయమమ్మా" అంది పార్లరమ్మ ముక్కు చీదుతూ. ఎవరికీ నవ్వు రాలేదు గానీ, వేరే రోజయితే వచ్చేదే.

మొత్తం ఆరుగురని చెప్పింది. అక్క, అక్క స్నేహితురాళ్ళు ఇద్దరు, పార్లర్ పక్కన బట్టలు కుట్టే ఆవిడ, ఆవిడ వదిన. అయిదు. డాక్టరమ్మ అప్పటికే నర్సును పిలిచి నంబర్లు రాయించి, ఒక్కొక్కరికీ ఫోన్ చేయిస్తోంది. స్నేహితురాళ్ళకు ఏమీ లేదు. కుట్టే ఆవిడకు కళ్ళు కాస్త మసకగా ఉన్నాయట, ఉన్నపళంగా ఆసుపత్రికి బయలుదేరమన్నారు. వదిన కూడా తోడు వెళుతోంది. ఎంతమంది వచ్చినా విరుగుడు మందు సరిపోతుందని ఆసుపత్రి వాళ్ళు చెప్పారు. పొద్దున వార్తలావిడకోసం తెప్పించినప్పుడు పెద్ద డాక్టరు ముందుచూపుతో ఎక్కువే తెప్పించాడు.

"ఆరో మనిషి?" అన్నాడు నిదానం.

పార్లరమ్మ కొంగు నలుపుతూ కూర్చుంది. చూపు నేల మీద ఉంది. నేల మీద నుంచి మెల్లగా పాకి ఇన్‌స్పెక్టరు బూట్ల దగ్గర ఆగింది.

"సారు... జుట్టుకి రంగు వేయించుకోవడానికి వచ్చారు. వచ్చే నెల సన్మానం, ఫొటో బాగా రావాలన్నారు. ముఖానికి విటమిన్ అని చెప్పి నేనే..."

"అది విటమినే" అన్నాడు ఇన్‌స్పెక్టరు లేచి నిలబడి. ముఖం కందగడ్డయింది. అది విటమిన్ అని తను కళ్ళారా చూశానన్నాడు, మర్యాద తప్పి మాట్లాడితే ఊరుకోనన్నాడు, బల్ల మీద చేత్తో కొట్టాడు కూడా. అప్పటికి నిదానానికి అందింది, ఇందాకటి నుంచి ఆ ముఖంలో ఏం తక్కువైందో. ముప్ఫై ఏళ్ళుగా ఆ నుదుటి మీద నిలబడి ఉన్న రెండు గీతలు లేవు. టీకి వచ్చిన దగ్గు, ముక్కులోంచి వస్తున్న మాట, వాలిన కళ్ళు, రెండేసిగా కనిపించిన అక్షరాలు, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. నిదానం లేచి ఆయన పక్కకు వచ్చాడు. ఎంత పోట్లాడినా ఒకే ఏడాది, ఒకే మైదానంలో కవాతు చేసినవాడు.

డాక్టరమ్మ కూడా చూసేసింది. ఇన్‌స్పెక్టరుకు ఎదురుగా వచ్చి నిలబడి, నర్సు రోజూ అనే మాటే అంది.

"ఒక్కసారి కోపంగా చూడండి సార్."

"చూస్తూనే ఉన్నాను కదమ్మా!"

ఆ మాట అన్నాక ఆయనకే అర్థమైంది. కంప్యూటర్ తెర మీద వార్తలావిడ ముఖం అలాగే ఉంది. ఆయన దాన్ని చూశాడు, పక్కన సింకు మీదున్న అద్దంలో తన ముఖం చూసుకున్నాడు. రెండు నుదుళ్ళూ ఒకే తీరున నున్నగా ఉన్నాయి. కుర్చీ కోసం వెనక్కి తడుముకుంటుంటే నిదానమే పట్టుకున్నాడు.

"నాకేమవుతుంది?" అన్నాడు చిన్న గొంతుతో.

"ఏమీ కాదు, ఇప్పుడే బయలుదేరితే. నీళ్ళు కూడా తాగకండి, అడ్డం పడుతుంది. నేను వస్తాను మీతో" అంది డాక్టరమ్మ. అప్పటికే ఆమె చెయ్యి ఆయన నాడి మీద ఉంది.

నాలుగింటికి డాక్టరమ్మ జీపు ఎక్కింది, ఇన్‌స్పెక్టరు పొద్దున చెప్పినట్టే. వెనక సీట్లో ఆయన పక్కన కూర్చుంది. నిదానం ముందు కూర్చున్నాడు. జీపు కదలగానే ఆమె ఇన్‌స్పెక్టర్ని గుండె నిండా గాలి పీల్చమంది. మళ్ళీ పీల్చకుండా, ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టాలి. ఊపిరి కండరాల్లో ఎంత బలం మిగిలిందో అందులో తెలిసిపోతుంది. ఇరవై దాటితే ఈ పూటకు భయం లేదు.

ఒకటి, రెండు, మూడు. ముక్కులోంచి వస్తున్న ఆ గొంతును వింటూ నిదానం ముందున్న కడ్డీని పట్టుకున్నాడు. పదికి వచ్చేసరికి డ్రైవరు కూడా లోలోపల లెక్కపెడుతున్నట్టు పెదవులు కదిపాడు. పదిహేను. పదహారు దగ్గర గొంతు కాస్త సన్నబడింది. పద్ధెనిమిది, పంతొమ్మిది, ఇరవై. డాక్టరమ్మ ఆపమనలేదు. ఇరవై ఆరు, ఇరవై ఏడు. ముప్ఫై రెండు దగ్గర ఆగి గట్టిగా గాలి పీల్చుకున్నాడు. ఆమె నవ్వి ఆయన చేతిమీద తట్టింది. ఆ తట్టడంలో పొద్దుటి అవమానం ఎక్కడా లేదు. నిదానం కడ్డీ వదిలేసి చూసుకుంటే అరచెయ్యి ఎర్రగా కంది ఉంది.

"ముప్ఫై మూడు కూడా అనేవాణ్ణి, గుంతలో జీపు కుదిపింది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. కిటికీ వైపు ముఖం తిప్పుకుని, "తల్లీ, పొద్దున నిన్ను ఏదేదో అన్నాను" అన్నాడు. ఫరవాలేదంది డాక్టరమ్మ.

ఆసుపత్రి గేటు కనిపిస్తుండగా ఆయన ముందు సీటు మీద వేళ్ళతో కొట్టాడు.

"ఒరేయ్ నిదానం. పార్లరమ్మకి అమ్మినవాడు పది సీసాల పెట్టె తెచ్చి చూపించాడట, ఇందాక జీపు ఎక్కేముందు చెప్పింది. ఆవిడ తీసుకుంది ఒక్కటే. తొమ్మిది ఇంకా వాడి దగ్గరో, ఇంకెవరి దగ్గరో ఉన్నాయి. నేను మంచం మీద ఉంటాను. నువ్వు చూడు. ఈసారి గోడ ఎత్తు కొలుస్తూ కూర్చోకు."